మూత తీసి చూసే చోటు

రొళ్ల చుట్టుపక్కల పొలాలకు ఎలక్ట్రానిక్స్ కొత్తేమీ కాదు. బోరు మోటారు పక్కనున్న పెట్టెలో ఆటో స్టార్టర్ ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు కాలిపోకుండా ఆపే పరికరమూ అందులోనే ఉంటుంది. ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్‌తో మోటారు వేసే రైతులూ ఉన్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లలో ఒక్కోదానిలో పదుల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు పనిచేస్తుంటాయి. వీటిని అందరం వాడుతున్నాం. లోపల ఏం జరుగుతోందో మూత తీసి చూసే చోటు మాత్రం మనకు లేదు.

అలాంటి చోటుకే హ్యాకర్‌స్పేస్ అని పేరు. బ్యాంకు ఖాతాల్లో చొరబడేవాళ్లతో దీనికి సంబంధం లేదు. కొందరు చందాలు వేసుకుని ఒక గది తీసుకుంటారు, పనిముట్లు ఉమ్మడిగా కొంటారు, వచ్చినవాళ్లకు నేర్పుతారు. బెర్లిన్‌లో సీ-బేస్ 1995లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాయిస్‌బ్రిడ్జ్ 2007లో ఇలాగే పుట్టాయి. పరీక్షలుండవు, తెలిసినవాళ్లు తెలియనివాళ్ల పక్కన కూర్చుంటారు, అంతే.

మన దగ్గర దీనికి దగ్గరి బంధువులున్నాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ 2023 మార్చి 2న మొదలైంది. వస్తువుల నమూనాలు తయారుచేసుకునే పెద్ద కేంద్రమది. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద, ఎంపికైన బడులకు టింకరింగ్ ల్యాబ్ కోసం 20 లక్షల రూపాయల దాకా ఇస్తారు. అది 6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం. బడి దాటిన కుర్రాడికి, సెల్‌ఫోన్ రిపేరు నేర్చుకోవాలనుకునే అమ్మాయికి, స్టార్టర్ మాటిమాటికీ ఎందుకు పడిపోతోందో తెలుసుకోవాలనుకునే రైతుకు అందులో చోటు ఎక్కడిది? హ్యాకర్‌స్పేస్ పూడ్చే ఖాళీ ఇదే.

మొదటి రోజు ఏం నేర్పుతారు? మన ఇళ్లకు పనికొచ్చే ఉదాహరణ తీసుకుందాం: ట్యాంకు నిండగానే మోగే అలారం. కావలసినవి 9 వోల్టుల బ్యాటరీ, చిన్న బజర్, బీసీ 547 రకం ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, రెండు తీగలు. టంకం అక్కర్లేకుండా బ్రెడ్‌బోర్డు రంధ్రాల్లో గుచ్చితే సర్క్యూట్ తయారు.

తీగల కొసల్ని ట్యాంకు పైఅంచు దగ్గర వేలాడదీస్తాం. నీళ్లు తగలగానే వాటి గుండా అతి కొద్ది కరెంటు పారుతుంది. బజర్‌ను మోగించడానికి అది చాలదు. అయితే ఆ కొద్ది కరెంటు ట్రాన్సిస్టర్ బేస్ కాలికి చేరితే, మిగతా రెండు కాళ్ల మధ్య దానికి వంద రెట్లకు పైగా కరెంటు పారుతుంది. చెరువు తూము దగ్గర ఒక్క మనిషి తలుపు కొద్దిగా ఎత్తితే కాలువ నిండా నీళ్లు పారినట్టన్నమాట. బజర్ మోగుతుంది.

పాఠం అక్కడితో అయిపోదు. తీగల్ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచితే బజర్ దాదాపు మూగబోతుంది, బోరు నీళ్లలో ముంచితే మోగుతుంది. కరెంటును మోసేది నీళ్లలో కరిగిన లవణాలని చెవితోనే తెలుస్తుంది. తీగలు చాలాకాలం తడిలోనే ఉంటే, ప్లస్ వైపు రాగి కొస రంగు మారి తినేసినట్టవుతుంది. ఎందుకన్నది వచ్చేవారం పాఠం. ఎల్‌ఈడీని రెసిస్టర్ లేకుండా 9 వోల్టులకు కలిపితే మాడిపోతుంది. పోయేది కొద్ది రూపాయలే, ఓమ్ సూత్రం మాత్రం ఇక మరిచిపోరు.

కొన్ని నియమాలు తప్పనిసరి. కొత్తవాళ్లు బ్యాటరీ దాటి పోకూడదు. గోడ ప్లగ్గులో 230 వోల్టులు, మోటారు స్టార్టర్‌లో ఫేజుల మధ్య 415 వోల్టులు ఉంటాయి. అక్కడ పొరపాటు చేస్తే ప్రాణం పోతుంది. సీసం కలిసిన టంకంతో పనిచేసేటప్పుడు కిటికీలు తెరవాలి, అయ్యాక చేతులు కడుక్కోవాలి.

ఇదంతా పట్నాలకే చెల్లుతుందనుకోనక్కర్లేదు. పుణె జిల్లాలో పాబళ్ అనే కరువు పల్లె ఉంది. అక్కడ డాక్టర్ ఎస్.ఎస్. కల్‌బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమం పెట్టి, బడి మానేసిన పిల్లలకు చేతిపనుల ద్వారా చదువు చెప్పారు. 2002లో అమెరికాలోని ఎంఐటీ సాయంతో అక్కడ ఫ్యాబ్ ల్యాబ్ అనే యంత్రాల కార్యశాల వచ్చింది. యంత్రాలు రావడానికి చాలా ఏళ్ల ముందే అక్కడ నేర్పే అలవాటు ఉందని గమనించాలి.

రొళ్లలోనైనా, మడకశిరలోనైనా మొదలుపెట్టేందుకు సాయంత్రాలు ఖాళీగా ఉండే ఒక గది, పెద్ద బల్ల, రెండు మూడు మల్టీమీటర్లు చాలు. మోటార్లు చుట్టే మేస్త్రి, సెల్‌ఫోన్ మెకానిక్, ఐటీఐ చదివినవాళ్లు గురువులవుతారు. సామాను సంపాదించడం తేలికే. వారం వారం అదే రోజు, అదే వేళకు వచ్చి తలుపు తెరిచే మనిషి దొరకాలి, ఆ పనికి ఊరు కొంత డబ్బు ఇవ్వాలి. అసలు కష్టం అక్కడే.