డిగ్రీలో చరిత్రకు, సాహిత్యానికి ఎన్ని గంటలు?

ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్న పిల్లలు చరిత్ర పుస్తకాన్ని చివరిసారి మూసేది పదో తరగతి పరీక్షలప్పుడే. అక్కడ 600 మార్కుల్లో సోషల్‌ది 100. ఆ తర్వాత, మన దగ్గర ఏళ్ల తరబడి నడిచిన ఎంపీసీ వెయ్యి మార్కుల్లో 400 భాషలకు, 600 లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు. చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం కలిపితే సున్నా. (ఆ 400లో రెండో భాష వాటా 200. దానికి సంస్కృతం ఎందుకు తీసుకుంటారో ఎంపీసీ చదివిన పిల్లలున్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.) ఇక ఈ లోటు పూడాలంటే డిగ్రీలోనే పూడాలి. మరి అక్కడ ఎంత చోటుంది?

ముందు ఎక్కువమంది వెళ్లే ఇంజినీరింగ్ సంగతి చూద్దాం. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలో నాలుగేళ్లకు మొత్తం 160 క్రెడిట్లు. హ్యుమానిటీస్, సామాజిక శాస్త్రాల పద్దు కింద 12. అంటే 7.5 శాతం. వినడానికి మరీ తక్కువేం కాదు. అయితే ఆ పద్దులోనే మేనేజ్‌మెంట్‌నూ కలిపారు. ఇంగ్లీషుకు 3 క్రెడిట్లు తీసేస్తే మిగిలేవి 9. జేఎన్‌టీయూ కాలేజీల్లో పిల్లలు ‘మెఫా’ అని పిలుచుకునే మేనేజీరియల్ ఎకనామిక్స్, అకౌంట్ల పేపరు లాంటివి వచ్చి కూర్చునేది ఈ తొమ్మిదిలోనే. బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి, కాదనను. కానీ దాన్ని హ్యుమానిటీస్ కింద లెక్క చూపడం నాకు మింగుడుపడదు.

అదే ప్రణాళికలో భారత రాజ్యాంగం కూడా ఉంది. తప్పనిసరి పాఠమే, కానీ క్రెడిట్లు లేవు. పాసైతే చాలు, జీపీఏలోకి రాదు. జీపీఏలోకి రాని పేపరును పిల్లలు ఎలా చదువుతారో, దాని పీరియడ్లు మొదట ఏ ల్యాబ్ రికార్డు కోసం ఎగిరిపోతాయో కాలేజీ ముఖం చూసిన వాళ్లకు వేరే చెప్పాలా?

బీఎస్సీ, బీకాం, బీఏల లెక్క వేరు. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. 120లో కనీసం 60 మేజర్‌కు, 24 మైనర్‌కు పోతాయి. భాషలకు 8, నైపుణ్య కోర్సులకు 9, పర్యావరణం, యోగా వంటి వాటికి 6 నుంచి 8, ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4. మన విషయానికి వచ్చే పద్దు ‘మల్టీడిసిప్లినరీ’. దానికి 9, అంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు మూడు. 120లో 9 అంటే ఇక్కడా సరిగ్గా 7.5 శాతమే. నాలుగో ఏడు చదివినా ఈ 9 పెరగదు కాబట్టి ఆనర్స్‌లో వాటా 5.6 శాతానికి దిగుతుంది.

క్రెడిట్‌కు సెమిస్టర్‌లో 15 గంటల పాఠం. ఒక కోర్సుకు 45 గంటలు, మూడింటికి 135. నలభై అయిదు గంటల్లో శాతవాహనుల నుంచి 1956 దాకా పరుగు తీయించవచ్చు. అదే 45 గంటలు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఒక్కదాని మీదే పెట్టవచ్చు. డబ్బు ఎవరిచ్చారు, శిస్తు ఎంత పెరిగింది, మాగాణి ఎవరి చేతికి వచ్చింది, డెల్టాకు ఎగువన ఉన్న ఊళ్లకు ఏం మిగిలింది అని తవ్వుకుంటూ పోతే ఫిజిక్స్ మేజర్ కుర్రాడికి కూడా ఆధారాన్ని ఎలా ప్రశ్నించాలో తెలుస్తుంది. నా ఓటు రెండోదానికే.

అయితే ఒక చిక్కుంది. యూజీసీ అయిదు శాఖల సమూహాలు చూపించి వాటిలో వేటిలోవైనా మూడు కోర్సులు చేయమంది. హ్యుమానిటీస్ ఒకటైనా ఉండి తీరాలని అనలేదు. కామర్స్, కంప్యూటర్ అప్లికేషన్లు, మీడియా తీసుకుని చరిత్ర ముఖం చూడకుండానే పట్టా పుచ్చుకోవచ్చు. కాబట్టి ఈ పద్దులో 135 గంటలన్నది గరిష్ఠం. కనిష్ఠం సున్నా.

దీనికి పూర్తిగా ఎదురు దారి న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీది. మొదటి ప్రపంచ యుద్ధం ముగియగానే, 1919లో, అక్కడ సమకాలీన నాగరికత కోర్సు మొదలైంది. 1937లో సాహిత్యం, 1947లో చిత్రకళ, సంగీతం చేరాయి. డిగ్రీకి కావలసిన 124 క్రెడిట్లలో ఈ నాలుగింటికే 22, దాదాపు 18 శాతం. ఎంపిక లేదు, ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిందే. సాహిత్యం తరగతిలో ఇరవై రెండు మంది ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 110 నిమిషాలు. పుస్తకాల జాబితాలో యూరప్‌దే పెత్తనమన్న విమర్శ దశాబ్దాలుగా ఉంది, న్యాయమైనదే. నేను చూసేది ఆ జాబితాను కాదు, ఆ ఇరవై రెండును. వెయ్యి మంది విద్యార్థులుంటే అలాంటి సెక్షన్లు 46 కావాలి, వాటికి తగినంతమంది అధ్యాపకులు కావాలి. మన ఇంజినీరింగ్ సెక్షన్ అరవై. ఖర్చంతా అక్కడే ఉంది.

ఏ మేజర్ వాళ్లయినా ఇలాంటివి చదవాలన్నది మన దగ్గర జాతీయ విద్యావిధానంతో 2020లో పుట్టిన ఆలోచన అనుకోనక్కర్లేదు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో పదిమందితో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ ఏర్పడింది. మరుసటి ఏడు ఇచ్చిన నివేదికలో, ఏ శాఖ విద్యార్థికైనా డిగ్రీలో సాధారణ విద్య ఉండాలని గట్టిగా చెప్పింది.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ల చిట్టాతో పాటు సెమిస్టర్ల వారీ సిలబస్ కూడా చూపించమనండి. మల్టీడిసిప్లినరీ కింద కాగితం మీద ఎన్ని కోర్సులున్నాయని కాదు, పోయినేడు నిజంగా ఏవి నడిచాయో అడగండి. వాటిని ఆ సబ్జెక్టు లెక్చరర్ చెప్పారా, ఖాళీగా ఉన్నవారెవరైనా చెప్పారా, ఆ మార్కులు జీపీఏలో కలుస్తాయా అన్నదీ అడగండి. ఫీజు కట్టేది మీరే కాబట్టి అడిగే హక్కు మీకుంది.