ఒకే మాత్ర, ఇద్దరి ఒళ్ళు

రండర్రా, ఇవాళ కాస్త బరువైన సంగతి. స్కిజోఫ్రీనియా పేరు వినే ఉంటారు. పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినబడడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారని నమ్మడం దాని లక్షణాలు. గాలి సోకిందనీ చేతబడనీ అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాదర్రా, ఇది మెదడుకు వచ్చే జబ్బు, మందులున్న జబ్బు.

మగపిల్లల్లో ఇది ఎక్కువగా ఇరవై ఏళ్ళకు అటూ ఇటూగా బయటపడుతుంది. ఆడవాళ్ళలో కొన్నేళ్ళు ఆలస్యం. పైగా ముట్లుడిగే వయసులో మరికొందరు ఆడవాళ్ళకి కొత్తగా మొదలవుతుంది. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను ఉన్నన్నాళ్ళూ మెదడుకి కొంత కాపు కాస్తుందేమోనని శాస్త్రవేత్తల ఊహ. మెల్‌బోర్న్‌లో జయశ్రీ కులకర్ణి అనే మానసిక వైద్యురాలు దాన్ని పరీక్షించి చూశారు. మామూలు మందులు వాడుతున్న ఆడవాళ్ళలో కొందరికి ఈస్ట్రాడయాల్ అనే ఈస్ట్రోజెన్ ఉన్న పట్టీ, కొందరికి వట్టి పట్టీ చర్మం మీద అంటించారు. అసలు పట్టీ వేసుకున్నవాళ్ళలో లక్షణాలు ఎక్కువ తగ్గాయని 2008లో ప్రకటించారు.

ఇక మందుల దగ్గరికొద్దాం. మిగతావాటికి జబ్బు లొంగనప్పుడు డాక్టర్లు క్లోజపిన్ ఇస్తారు. లివర్‌లోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైము ఆడవాళ్ళలో కాస్త నెమ్మది. అందుకే ఒకే మోతాదు మింగినా వాళ్ళ రక్తంలో మందు ఎక్కువగా నిలుస్తుంది. సిగరెట్ పొగ ఆ ఎంజైముకి జోరు పెంచుతుంది కాబట్టి పొగతాగే మగవాడి ఒంట్లో మందు త్వరగా ఖర్చయిపోతుంది. అతను ఉన్నపళంగా సిగరెట్ మానేస్తే నిన్నటిదాకా సరిపోయిన మోతాదే ప్రమాదంగా మారవచ్చు.

రిస్పెరిడోన్ అనే ఇంకో మందు కథ వేరు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే చోట్లని మూసెయ్యడం దాని పని. కాని పిట్యూటరీ గ్రంథిలో పాలు పుట్టించే హార్మోను ప్రొలాక్టిన్‌ని అదుపులో పెట్టేదీ డోపమైనే. ఆ పగ్గం వదిలితే ప్రొలాక్టిన్ పొంగుతుంది, ఆడవాళ్ళలో మరీ ఎక్కువగా. కొందరికి నెలసరి ఆగిపోతుంది, కాన్పు లేకుండానే పాలు వస్తాయి. పెళ్ళికాని పిల్లకి ఇలాగైతే ఇంట్లో ఏమనుకుంటారో ఊహించండి. ఆ పిల్ల భయపడి, ఎవరితోనూ చెప్పుకోలేక, మందే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. చెప్పి ఉంటే డాక్టరు మోతాదు తగ్గించేవారు, లేదా మందు మార్చేవారు. తలుచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తేడా లివర్‌తో, హార్మోన్లతో సరా? బతికున్న మనిషి మెదడులోంచి కణాలు తీసి చూడలేం కదా. జపాన్‌లో షిన్యా యమనక దానికి దారి చూపించాడు. 2006లో ఎలుక కణాలనీ మరుసటి ఏడు మనిషి చర్మకణాలనీ మూలకణాలుగా వెనక్కి తిప్పాడు. వాటి నుంచి గాజుగిన్నెలో నాడీకణాలు పెంచవచ్చు. ఫిన్లాండ్ పరిశోధకులు అలాగే చేశారు. ఒకే అండం నుంచి పుట్టి, ఒకరికి జబ్బుండి ఒకరికి లేని కవలల కణాలు తీసుకున్నారు. 2019లో అచ్చయిన ఫలితం చూడండి. ఆరోగ్యవంతులైన ఆడ, మగ కణాల్లో తేడాగా పనిచేసే జన్యువులు నూటికి 12. జబ్బుతో ముడిపడ్డ జన్యువుల్లోనైతే నూటికి 61 దాకా ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు! ఆ గిన్నెలో నెలసరి లేదు, లివర్ లేదు. అయినా తేడా ఉంది.

మరి ముందే ఎందుకు పట్టించుకోలేదంటారా? కడుపులో బిడ్డకి హాని జరుగుతుందన్న భయంతో, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని కొత్త మందుల తొలి పరీక్షల్లోకి తీసుకోవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1977లో చెప్పింది. 1993లో గాని మాట మార్చుకోలేదు. భయం న్యాయమైనదే, కాని నష్టపోయిందీ ఆడవాళ్ళే.

ఇంకొక్కటి. ఏళ్ళ తరబడి ఒకే మోతాదుతో నిలకడగా ఉన్న ఆవిడకి, ముట్లుడిగి ఈస్ట్రోజెన్ తగ్గాక అదే మోతాదు చాలకపోవచ్చు. పాత మాటలు మళ్ళీ వినబడుతున్నాయని ఆవిడ అంటే, మాత్ర మింగలేదు కదూ అని కసరకండి. ముట్లు ఎప్పుడు ఆగాయో ఆవిడ డాక్టరుకి చెప్పండి.