పూతరేకుల పొయ్యి, మన వంటింటి మంట

ఆత్రేయపురమున పూతరేకులు తీయు వనితల చెంత గడియసేపు కూర్చుండిన సోదరీమణులకు మంట విలువను వేరొకరు చెప్పనక్కరలేదు. బోర్లించిన కుండ క్రింద ఎండిన కొబ్బరాకు మండుచుండును. పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను ఆ కుండ వీపుపై పరచి తీయగనే పొర కట్టును. మంట హెచ్చిన రేకు మాడును. తగ్గిన పచ్చిగా నిలుచును. కావున ఆకును కొద్దికొద్దిగా అందించుటయే గాని అధికముగా వేయుట యుండదు. ఈ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. లోకులు తీపిని మెచ్చుకొందురు. మేము ఆ మంటలెక్కను మెచ్చుకొనుచున్నాము.

మన యింట అన్నము వండునపుడీ లెక్క యేది? ఎసరు మరిగిన పిమ్మట మంట నెంత పెంచినను నీరు 100 డిగ్రీలను మించి వేడెక్కదు. ఆవిరి మాత్రము హెచ్చును. అన్నము త్వరగా ఉడుకదు, వండు మనిషి ఉడుకును! రేకువలె అన్నము వెంటనే మాడి చెప్పదు గనుక ఈ దుబారా మన కంటబడదు.

14.2 కిలోల గ్యాసుబండ ఖాళీ యగునప్పటికి సుమారు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. పదునాలుగు నలుబదిరెండెట్లైనవని అడుగవచ్చును. గ్యాసులోని బొగ్గు, గాలిలోని ప్రాణవాయువుతో కూడి వెలువడును గనుక బరువు మూడింతలగుచున్నది. ఈ వాయువు భూమి వేడిమిని పైకి పోనీక పట్టియుంచును. ఎండలు ముదురుట, సముద్రమట్టము పెరుగుట దీని ఫలములే. పల్లపు లంకసీమలో కాపురమున్న వారికిది దూరపు వార్త కాదు.

గడ్డిబుట్ట నొకదానిని అమర్చుకొన్న మేలు. మన సీమలో వరిగడ్డికి కొదువలేదు గదా! నానిన బియ్యమును కొలతనీటితో పొంగు వచ్చువరకు ఉడికించి, అయిదు నిమిషములకు దింపి, మూత బిగించి, ఎండుగడ్డి దట్టముగా కూరిన బుట్టలో నుంచి, పైన పాత బొంత కప్పవలెను. సుమారు గంటకు అన్నము తనంతట తానే పక్వమగును. నడుమ మూత తీసి చూచు ఆత్రము కూడదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లాండు గృహిణులును వంటచెరకు మిగుల్చుకొనుట కిట్టి గడ్డిపెట్టెలనే వాడిరి.

వంట యొకటే కాదు. మన దేశపు విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు మండించి తీయునదే. యూనిట్టుకు సుమారు 700 గ్రాముల వాయువు వెలువడును. 75 వాట్ల పాతపంకా రోజునకు 12 గంటలు తిరిగిన నెలకు 27 యూనిట్లగును. 30 వాట్ల క్రొత్తరకపు పంకాకు 11 యూనిట్లు చాలును. కొనునపుడు రంగుకంటె ముందు నక్షత్రముల చీటీని చూడవలెను. ఇటుక, సిమెంటు, ఇనుము సైతము మంటలో పుట్టినవే. ఇల్లు తిరుగగట్టునపుడు పాత టేకు ద్వారబంధములను, గట్టి పెంకులను పారవేయక మరల వాడుకొనుట ఆ మంటను మిగుల్చుటయే.

ఇక ఆకుపొయ్యి సంగతి. కొబ్బరాకులోని బొగ్గు చెట్టు గాలినుండి గైకొన్నదే; తిరిగి మొలచు ఆకు దానిని మరల గ్రహించును. కాని ఆ పొగలోని మసి గాలిని వేడిచేయుటయే గాక రొమ్మున చేరి రోగములు తెచ్చును. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చిన పిమ్మట అనేక గృహములలో వంటపొగ తగ్గినది. రేకులు తీయువారు మాత్రము చాలవరకు ఆకుమంటనే నమ్ముకొని, గంటలకొలది దాని యెదుటనే కూర్చుందురు. పాకకు పొగగొట్టమో, ఎదురెదురు కిటికీలో పెట్టించుటకు గొప్ప వ్యయము కాదు. పెట్టెకు పదిరూపాయలు తగ్గింపుమని బేరమాడు మనము, ఆ పదిరూపాయలు ఏ కిటికీకి చెందవలసినవో ఒకమారు ఆ పాకలోనికి తొంగిచూచిన బాగుండును.