గొల్లకలాపం

గొల్లకలాపం కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి భాగవతులు ప్రదర్శించే కలాపాలలో ఒకటి. దీనిని 19వ శతాబ్దంలో భాగవతుల రామయ్య రచించాడు. యక్షగానంలో కథ ప్రధానం, పాత్రలు అనేకం. కలాపం ఒక నాయిక చుట్టూ సంవాదంగా నడుస్తుంది.

చల్ల అమ్ముకునే గొల్లభామను బ్రాహ్మణుడు చులకన చేస్తాడు. బ్రాహ్మణత్వమంటే ఏమిటని ఆమె నిలదీస్తుంది. పిండోత్పత్తిని, అనగా గర్భంలో శిశువు రూపొందే క్రమాన్ని, యజ్ఞస్వరూపాన్ని వివరించి, బ్రాహ్మణత్వం పుట్టుకతో కాక జ్ఞానంతో సిద్ధిస్తుందని వాదిస్తుంది.

అయితే సంప్రదాయం ప్రకారం గొల్లభామ వేషం కట్టినవారు కూచిపూడి బ్రాహ్మణ పురుషులే. ఆ మేళంలో గొల్ల స్త్రీకి చోటుండేది కాదు. కనుక దీనిని తిరుగుబాటు అనడం కంటే ఆత్మవిమర్శ అనడం సబబు. శాస్త్రచర్చ ఎక్కువ, శృంగారాభినయానికి అవకాశం తక్కువ కావడంతో భామాకలాపమంత తరచుగా దీనిని ప్రదర్శించరు.