గోడమీది ప్రార్థన చేతులు – మన చేతులు



మన సంఘ కుటుంబాల ఇళ్ళకు వెళ్తే చాలాచోట్ల గోడమీద ఒక పటం కనిపిస్తుంది. రెండు చేతులు జోడించి ప్రార్థిస్తున్న బొమ్మ. ముఖం ఉండదు, మనిషి ఉండడు, చేతులు మాత్రమే ఉంటాయి. క్యాలెండర్లమీద, పెళ్ళి కార్డులమీద కూడా అదే బొమ్మ వేస్తారు. ప్రతిరోజూ చూసే ఆ బొమ్మ మన ఆరోగ్యానికి కూడా పనికొస్తుందంటే మీకు ఆశ్చర్యంగా ఉండవచ్చు. ఈ సంచికలో దాని గురించే చెప్పదలచుకున్నాము.

ఆ చేతులు ఎవరివి?

ఆ బొమ్మ గీసినవాడు జర్మనీలోని న్యూరెంబర్గ్ పట్టణానికి చెందిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్. 1508లో నీలం కాగితంమీద కుంచెతో గీశాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యాకోబ్ హెల్లర్ అనే వర్తకుడు చర్చిలో పెట్టడానికి ఒక పెద్ద చిత్రం వేయమని అడిగాడు. అందులో ఒక అపొస్తలుని చేతులు ఎలా ఉండాలో డ్యూరర్ ముందుగా గీసి చూసుకున్న బొమ్మ ఇది. ఆ పెద్ద చిత్రంలోని మధ్య భాగం 1729లో మంటల్లో కాలిపోయింది. ఈ చిన్న బొమ్మ మాత్రం వియన్నాలోని అల్బెర్టినా మ్యూజియంలో భద్రంగా ఉంది.

దీని గురించి ఒక కథ ప్రసంగాల్లో వింటుంటాము. అన్నదమ్ములలో ఒకరు బొమ్మలు నేర్చుకోవడానికి వెళితే, ఇంకొకరు గనిలో పనిచేసి డబ్బు పంపి, చేతులు పాడుచేసుకున్నారని. మేము కూడా సండే స్కూలు పిల్లలకు ఈ కథ చెప్పాము. కథ మంచిదే కాని దానికి చరిత్రలో ఆధారం లేదు. నర్సు కళ్ళతో చూస్తే బొమ్మ కూడా అదే చెబుతుంది. కణుపులు వాయలేదు, వేళ్ళు విరిగిన గుర్తు లేదు. గనిలో రాళ్ళు కొట్టి చెడిపోయిన చేతులు అలా ఉండవు.

చిత్రకారులు నేర్పిన పాఠం

డ్యూరర్ మనిషి శరీరపు కొలతలమీద ఒక గ్రంథమే రాశాడు. అతడు చనిపోయిన 1528లోనే అది అచ్చయింది. ఇటలీలో లియొనార్డో డావిన్సి శవాలను కోసి, ఎముకలు, కండరాలు కళ్ళారా చూసి గీశాడు. 1543లో వెసాలియస్ అనే వైద్యుడు శరీర నిర్మాణంమీద అచ్చువేసిన గొప్ప పుస్తకంలో చిత్రకారుల బొమ్మలే ప్రాణం. అందులో వెసాలియస్ తన చిత్రాన్ని కూడా వేయించుకున్నాడు. ఆ చిత్రంలో ఆయన చూపిస్తున్నది గుండెనో మెదడునో కాదు, కోసి తెరిచిన ఒక చేతిని.

1632లో రెంబ్రాంట్ వేసిన డాక్టర్ టుల్ప్ అనాటమీ పాఠం చిత్రంలోనూ అంతే. టుల్ప్ శవం ముంజేతిలో వేళ్ళను వంచే కండరాన్ని పట్టుకారుతో పైకెత్తి, తన ఎడమచేతి వేళ్ళతో ఆ కదలికను చూపిస్తున్నాడు.

మేము నర్సింగ్ చదివే రోజుల్లో అనాటమీ రికార్డులో ఎర్రరంగుతో ధమనులు, నీలంతో సిరలు, పసుపుతో నరాలు గీయించేవారు. మాకు బొమ్మలు రావని ఏడ్చేవాళ్ళము. సిస్టరుగారు మాత్రం, "బాగా గీయడం కోసం కాదమ్మా, బాగా చూడటం కోసం" అనేవారు. ఆ మాట విలువ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తోలుబొమ్మ లాంటి చేయి

తోలుబొమ్మలాట చూసినవారికి చేయి ఎలా పనిచేస్తుందో తేలిగ్గా అర్థమవుతుంది. బొమ్మ చేయి తెరమీద ఆడుతుంది, ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. మన వేళ్ళను బలంగా వంచే కండరాలు కూడా వేళ్ళలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడినుంచి టెండన్లు అనే తెల్లని తాళ్ళు మణికట్టు దాటి వేళ్ళకు వస్తాయి. అరచేతిలోని చిన్న కండరాలు వేళ్ళను తిన్నగా, దగ్గరగా ఉంచుతాయి. వాటిలో ఎక్కువ వాటికి శక్తినిచ్చే నరం మోచేయి లోపలివైపునుంచి వస్తుంది. అక్కడ తగిలితే చిటికెనవేలు దాకా జివ్వుమనేది ఆ నరమే.

ఆ నరం చెడితే చిన్న కండరాలు పడిపోతాయి, పెద్ద తాళ్ళు ఒకవైపే లాగుతాయి. ముందు చిటికెనవేలు, తరువాత ఉంగరపువేలు గోరులా వంగిపోతాయి. చేతులు జోడిస్తే అరచేతులు ఆనవు. కుష్ఠు వ్యాధిలో జరిగేది ఇదే.

డిచ్‌పల్లి, వెల్లూరు

ఈ మాట మన జిల్లాకు కొత్తది కాదు. స్కాట్లాండునుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1911లో నిజామాబాదులో కుష్ఠు రోగులకు వైద్యం మొదలుపెట్టారు. నర్సాగౌడ్‌గారి దానంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. ఎవరూ తాకని చేతులను వారు తాకారు. ఇసబెల్ 1932లో కన్నుమూశారు.

ఆ చేతులను మళ్ళీ తిన్నగా చేయవచ్చునని చూపినవారు వెల్లూరులోని డాక్టర్ పాల్ బ్రాండ్. 1946లో అక్కడికి వచ్చాక ఆయన వంగిపోయిన చేతులను చిత్రకారుడిలా ఓపికగా చూశారు. ఏ కండరం చచ్చింది, ఏది బ్రతికి ఉంది అని ఒక్కొక్కటీ పరీక్షించారు. ముంజేతి కండరాలు చాలావరకు బాగానే ఉన్నాయని గ్రహించి, పనిచేసే కండరపు తాడును పనిచేయని వేలికి మళ్ళించి కుట్టారు. వేళ్ళు కుళ్ళి ఊడిపోవడం లేదని, స్పర్శ లేనందువల్ల కాలి, తెగి, పుండ్లు పడి అరిగిపోతున్నాయని కూడా ఆయన గట్టిగా చెప్పారు. బాగుపడిన చేతులతో రోగులు వడ్రంగం, బొమ్మల తయారీ నేర్చుకున్నారు.

మేము చేసిన పొరబాటు

ఇది చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతున్నాము. చాలా ఏళ్ళ క్రితం, వేరొక చోట పనిచేస్తున్నప్పుడు, చెరకు కొట్టే ఒక అన్న చూపుడువేలుకు బొబ్బతో వచ్చాడు. బీడీ చివరిదాకా కాలి వేలు కాలింది. "నొప్పి లేదు సిస్టరమ్మా" అన్నాడు. నొప్పి లేదంటే సంతోషించి, కట్టు కట్టి పంపాము. నొప్పి ఎందుకు లేదని అడగలేదు. చొక్కా చేయి పైకి తీసి చూడలేదు.

రెండేళ్ళ తరువాత మళ్ళీ వచ్చాడు. చిటికెనవేలు, ఉంగరపువేలు వంగిపోయాయి. మోచేతి దగ్గర స్పర్శలేని మచ్చ ఉంది. "గుడికి పోవడం మానేసిన సిస్టరమ్మా, దండం పెడితే అందరూ నా చేతులే చూస్తున్నరు" అన్నాడు. మందులతో వ్యాధి నయమైంది, వేళ్ళు మాత్రం పూర్తిగా తిన్నగా కాలేదు. మొదటిరోజే సరిగా చూసి ఉంటే ఆ వేళ్ళు దక్కేవి.

షుగరు ఉన్నవారికి కూడా

ఒకప్పుడు మన బోధన్ చక్కెరకు పేరు. అక్కడి ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని, రక్తంలో చక్కెర మాత్రం ఊరూరా ఉంది. ఎక్కువ కాలంగా షుగరు ఉన్న కొందరిలో చర్మం, కీళ్ళ చుట్టూ ఉండే పొరలు మందమై, నొప్పి లేకుండానే వేళ్ళు బిగుసుకుంటాయి. చేతులు జోడిస్తే వేళ్ళ మధ్య సందు ఉంటుంది. వైద్యులు దీనిని "ప్రార్థన గుర్తు" అనే పేరుతోనే పిలుస్తారు. ఇది ఉన్నవారికి కంటి, కిడ్నీ ఇబ్బందులు కూడా ఉండే అవకాశం ఎక్కువ. కీళ్ళవాతం, పాత దెబ్బలవల్ల కూడా సందు రావచ్చు కాబట్టి భయపడవద్దు, చూపించుకోండి.

ఇంట్లో ఇలా చూసుకోండి

1. ప్రార్థనకు ముందు చేతులు జోడించండి. అరచేతులు, వేళ్ళు మొదటినుంచి చివరిదాకా ఆనుతున్నాయా చూడండి.

2. పాలిపోయిన లేదా ఎర్రని మచ్చమీద దూదితో తాకితే తెలుస్తోందా? తెలియకపోతే వెంటనే రండి.

3. కాలినా, తెగినా నొప్పి లేకపోతే అది మంచి గుర్తు కాదు.

4. బొత్తాలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, బీడీలు చుట్టడం కష్టమవుతోందా? మాకు చెప్పండి.

5. స్పర్శ తగ్గినవారు వేడి గిన్నెలను మసిగుడ్డతోనే పట్టుకోవాలి. రోజూ చేతులను నీళ్ళలో నానబెట్టి, తడి ఆరకముందే నూనె రాయాలి.

6. షుగరు ఉన్నవారు ఏడాదికొకసారి కళ్ళు, మూత్రం, పాదాలు పరీక్ష చేయించుకోవాలి.

కుష్ఠుకు మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. వ్యాధి రకాన్నిబట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టినవారితో కలిసి కూర్చోవడానికి, కలిసి తినడానికి భయం అక్కరలేదు. ఆరాధనలో మీ పక్కన అలాంటి చేతులు కనిపిస్తే జరిగి కూర్చోకండి, చేయి అందించండి.

ఇకమీదట గోడమీది ఆ పటాన్ని చూసినప్పుడు, ఒక్క నిమిషం మీ చేతులు కూడా చూసుకోండి. ఇంట్లో పెద్దవారి చేతులు మీ చేతుల్లోకి తీసుకుని చూడండి.