పొన్నవరం ప్లీడరు... పెద్ద కోర్టు తీర్పులు

రాత్రి చావిడి ముందు నిలిపిన ట్రాక్టరు తెల్లారేసరికి మాయమైంది. ఏం చేస్తాం? ముందు పోలీస్ స్టేషన్‌కి పరుగెడతాం. చుట్టుపక్కల ఊళ్లన్నీ గాలిస్తాం. ఆ కంగారులో బీమా ఆఫీసుకు ఓ కాగితం రాసివ్వాలన్న సంగతి ఎంతమందికి గుర్తుంటుంది?

ఉత్తరాదిన ఓ ట్రాక్టరు యజమాని విషయంలో 2010 అక్టోబరులో అచ్చంగా ఇదే జరిగింది. పోలీసులకు ఆ రోజే ఫిర్యాదు ఇచ్చాడు. బీమా కంపెనీకి చెప్పేసరికి 52 రోజులైంది. 'వెంటనే తెలియజేయాలని పాలసీలో ఉందిగా' అంటూ కంపెనీ చేతులెత్తేసింది. ఇలాంటి కేసుల్లో అంతకుముందు సుప్రీంకోర్టు బెంచీలే తలో మాటా చెప్పాయి. చిక్కుముడి విప్పడానికి ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూర్చుంది. దానికి నేతృత్వం వహించింది మన నందిగామ దగ్గర పొన్నవరం రైతుబిడ్డ జస్టిస్ నూతలపాటి వెంకటరమణ.

2020 జనవరి 24న వచ్చిన తీర్పును రాసింది జస్టిస్ గవాయ్. ముగ్గురిదీ ఒకటే మాట. ప్రమాదం జరిగితే సర్వేయరు వచ్చి నష్టం లెక్క కట్టాలి కాబట్టి కంపెనీకి వెంటనే చెప్పాలి. దొంగతనంలో అలా కాదు. వెతకాల్సింది పోలీసులు. వాళ్లకు సకాలంలో చెప్పి, దొంగతనం నిజమేనని తేలాక కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయడం కుదరదు. హైవే పొడవునా లారీలు, పొలాల్లో ట్రాక్టర్లు ఉన్న జగ్గయ్యపేట, నందిగామ వైపు ఇళ్లలో ఈ ముక్క తెలిసి ఉండటం మంచిది. అలాగని కాగితం ఇవ్వడం మానేయమని కాదు సుమా!

తొలి తరం వకీలు

1957 ఆగస్టు 27న పొన్నవరంలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు రమణ. వెనక వకీళ్ల వంశమేమీ లేదు. కొన్నాళ్లు తెలుగు దినపత్రికలో విలేకరిగా పనిచేశారు (మా వృత్తివాడేనని చెప్పుకోవడంలో మాకో చిన్న సంబరం). 1983 ఫిబ్రవరి 10న నల్లకోటు వేసుకున్నారు. నిజం చెప్పాలంటే వకీలుగా ఆయనకు పేరు తెచ్చినవి కాంట్రాక్టులూ బీమా కేసులూ కావు. రాజ్యాంగం, సర్వీసు వివాదాలు, క్రిమినల్ కేసులు, నదీజలాల తగాదాలు. రాష్ట్రానికి అదనపు అడ్వొకేట్ జనరల్‌గానూ చేశారు. 2000 జూన్‌లో హైకోర్టు జడ్జి, 2014లో సుప్రీంకోర్టు, 2021 ఏప్రిల్ 24న దేశ ప్రధాన న్యాయమూర్తి. కోకా సుబ్బారావు తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న తెలుగువాడు ఆయనే.

బిల్లులు, పాలసీల తగాదాలు ఆయన ముందుకు పెద్దవిగా వచ్చింది జడ్జి అయ్యాకే.

పాతికేళ్ల బిల్లు

నిర్మాణ కాంట్రాక్టు తగాదా ఎంత కాలం తినగలదో చెప్పడానికి ఓ చేపల చెరువుల కేసు చాలు. పెద్ద కంపెనీ దగ్గర పని తీసుకున్న సంస్థ, అందులో కొంత ఓ సబ్ కాంట్రాక్టరుకు అప్పగించింది. 1995లో పని మధ్యలో ఆపేయమన్నారు. తెచ్చిన యంత్రాలు ఉత్తినే పడి ఉన్నాయి. ఆ నష్టం ఎవరిది? మధ్యవర్తులు 1998లో సబ్ కాంట్రాక్టరుకు సుమారు 27.78 లక్షలు, పైన వడ్డీ ఇమ్మన్నారు. మద్రాసు హైకోర్టు ధర్మాసనం 2007లో దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టులో తేలేసరికి 2019 డిసెంబరు 18!

ఆ తీర్పు రాసింది జస్టిస్ రమణే. మధ్యవర్తుల అవార్డులను కోర్టులు ఊరికే కదిలించకూడదు అంటూనే, అవార్డులో కారణాలు అర్థమయ్యేలా ఉండాలని తేల్చారు. ఈ కేసులో ఏది ఎవరి వాదనో, ఏది మధ్యవర్తుల నిర్ణయమో విడదీయలేనంతగా కలగాపులగమైంది. పద్ధతి ప్రకారమైతే మళ్లీ మొదటికి పంపాలి. అంటే ఇంకో పదేళ్లు! పాతికేళ్ల వ్యాజ్యానికి ముగింపు పలుకుతూ ఎనిమిది వారాల్లో 30 లక్షలు కట్టి లెక్క తేల్చుకోమన్నారు. సబ్ కాంట్రాక్టరు గెలిచాడనాలా? ఇన్నేళ్ల తిరుగుడు, ఫీజులు, వడ్డీ లెక్కేస్తే ఆ మాట అనడానికి నోరు రాదు.

ఇక ప్రభుత్వ పనులు చేసే మన కాంట్రాక్టర్ల కష్టం వేరు. ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్‌లో 59వ క్లాజు ఒకటుంది. ప్రభుత్వం వల్ల ఆలస్యమైనా పరిహారం అడగడానికి లేదంటుంది అది. సుప్రీంకోర్టు కూడా ఆ క్లాజుకు విలువిచ్చింది. సంతకం పెట్టేముందే వకీలుకు చూపించాల్సిన పేజీ అది.

తగాదాలు కోర్టు మెట్లెక్కకుండానే తేలాలన్న ఆలోచనతో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం పెట్టించడంలో రమణ ముందున్నారు. 2021 డిసెంబరు 18న అది ప్రారంభమైంది. అదే నెలలో పొన్నవరం వెళితే ఊరివాళ్లు ఎడ్లబండిలో ఊరేగించారు.

ఇల్లాలి జీతమెంత?

ఆడవాళ్లు దాచుకోవాల్సిన తీర్పు మరొకటుంది. 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయారు. చిన్నపిల్లలు మిగిలారు. ట్రిబ్యునల్ 40.71 లక్షలు ఇమ్మంటే హైకోర్టు 22 లక్షలకు కోసేసింది. 2021 జనవరి 5న సుప్రీంకోర్టు దాన్ని 33.20 లక్షలకు పెంచింది.

ఆ బెంచీలో ఉన్న రమణ విడిగా తన మాట రాశారు. సంపాదన లేని ఇల్లాలు పోతే బీమా కంపెనీ ఏ లెక్కన కట్టాలి? 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపే. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని 2019 సర్వే చెప్పింది. వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ, పల్లెల్లో పొలం పని, పశువులు... ఇవన్నీ సంపాదనే అన్నారాయన. ఇల్లాలికి ఆదాయం లెక్కకట్టడం దయ కాదు, న్యాయంగా రావాల్సిందే అని తేల్చారు. నందిగామలోనైనా, ఢిల్లీలోనైనా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో ఇల్లాలి తరఫు వకీలు ముందుగా తీసి చూపించే కాగితాల్లో ఇప్పుడు ఇదొకటి.