బోరుకొచ్చిందా... గొట్టం పోయిందా?

కలెక్టరుగారి బంగళా ముందైనా, రైల్వేస్టేషన్ దగ్గరి టాక్సీ స్టాండులోనైనా ఒకప్పుడు కనిపించేది అంబాసిడరే. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014 మేలో పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. అయినా తాతగారి గుర్తుగానో, పాత బండి మీద మోజుతోనో దాన్ని అపురూపంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను హడలెత్తించే మాట ఒకటే... 'ఇంజిన్ బోరుకొచ్చింది!' ఇంజిన్ విప్పితే ఖర్చు వేలల్లోనే. అంతదూరం వెళ్లేముందు చూడాల్సినవి రెండు మూడు రబ్బరు గొట్టాలు.

కుక్కర్‌లో ఆవిరిలా...

పిస్టన్ రింగులు ఎంత బాగున్నా, సిలిండర్లో మండిన వాయువులు కొద్దికొద్దిగా కిందికి, ఆయిల్ ఉండే భాగంలోకి జారుతూనే ఉంటాయి. అవి బయటపడే దారే బ్రీదర్. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌లో ఇంజిన్ పైనుండే రాకర్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కి వెళ్లే గొట్టం చేసే పని అదే. ఆ వాయువుల్ని ఇంజిన్ మళ్లీ పీల్చుకుని మండించేస్తుంది.

ఏళ్లు గడిచేకొద్దీ ఈ గొట్టంలో జిడ్డు పేరుకుంటుంది. లేదా రబ్బరు మెత్తబడి నలిగిపోతుంది. విజిల్ దగ్గర రంధ్రం మూసుకుపోతే కుక్కర్ అంచుల నుంచి ఆవిరి తన్నుకొచ్చినట్టే, ఇక్కడ ఆయిల్ సందు దొరికినచోటల్లా కారుతుంది. ప్యాకింగులు ఎన్ని మార్చినా ఆగదు. గొట్టం విప్పి, వేడి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి బిగిస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ఆ తర్వాత కూడా ఆయిల్ పోసే మూత తీస్తే గుప్పుగుప్పున పొగ వస్తోందా... అప్పుడు రింగుల్ని అనుమానించాలి.

దొంగదారిలో గాలి

వాక్యూమ్ గొట్టాల పని వేరు. బండి నిలబడి ఇంజిన్ నడుస్తున్నప్పుడు కార్బురేటర్లోని థ్రాటిల్ రెక్క దాదాపు మూసుకుని ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడు వల్ల ఇన్‌లెట్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి బాగా పడిపోతుంది. దానికి తగిలించిన గొట్టం ఎక్కడైనా చిట్లితే బయటిగాలి దొంగదారిన దూరుతుంది. పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ ఊగిపోతుంది. అప్పుడు కార్బురేటర్ స్క్రూలు ఎంత తిప్పినా లాభం ఉండదు.

కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నటి గొట్టం, బండి నింపాదిగా సాగుతున్నప్పుడు స్పార్కు కాస్త ముందుగా పడేలా చూస్తుంది. ఇది ఊడినా బండి ఆగదు. మైలేజీ మాత్రం పడిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా 'బుస్'మనే చప్పుడు ఎక్కడుందో వినండి. ఫ్యానుకు దూరంగా ఉంటూ ఒక్కో గొట్టాన్నీ వేళ్లతో నొక్కి చూడండి. నొక్కగానే ఇంజిన్ కుదుటపడితే లీకు అటువైపే. అతుకుల దగ్గర సబ్బునీళ్లు చల్లినా తేడా తెలుస్తుంది. పెట్రోలు మాత్రం చల్లొద్దు... మంటలు లేస్తాయి!

బ్రేకు దగ్గర రాజీ వద్దు

బ్రేకు బూస్టర్ ఉన్న పెట్రోలు బండ్లలో దానికీ వాక్యూమ్ గొట్టమే ఆధారం. అది చిట్లితే పెడల్ రాయిలా గట్టిపడి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే మెకానిక్ చూసేదాకా బండి రోడ్డెక్కకూడదు.

కొత్తవి కొనేటప్పుడు బ్రీదర్‌కి ఆయిల్‌ను తట్టుకునే రబ్బరు, బూస్టర్‌కి లాగుడుకి నలగని వాక్యూమ్ గొట్టమే అడగండి. కుళాయి పైపు ముక్కలు పనికిరావు. పాతవి విప్పేముందు ఏది ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తికమక ఉండదు.

బోరు పని ఎప్పుడైనా చేయించొచ్చు. ముందు గొట్టాల సంగతి చూడండి!